మెదడు నాళంలో 75 శాతమా, 55 శాతమా? ఏ రిపోర్టు నమ్మాలి?

నిద్రలేనికొడుకు: నాన్నకు కుడిచెయ్యి తిమ్మిరెక్కి, మాట తడబడి, అరగంటలో సర్దుకుంది. ఎమ్మారై యాంజియోలో (రక్తనాళాల స్కాన్) ఎడమ ఎంసీఏ, అంటే మెదడుకు రక్తం తీసుకెళ్ళే ఒక పెద్ద నాళం, 75 శాతం సన్నబడిందన్నారు. వారం తర్వాత సీటీ యాంజియోలో 55 అని వచ్చింది. వారంలో తగ్గిపోతుందా? ఇంకోటి, ఆయన్ను విమానం ఎక్కించవచ్చా?

ఫిల్మ్‌చూసేవాణ్ణి: తగ్గలేదండీ. ఎమ్మారై యాంజియోలో కనిపించేది పారే రక్తం. ఇరుకు దగ్గర రక్తం సుడి తిరిగితే సిగ్నల్ పోతుంది, ఉన్నదానికంటే ఎక్కువ ఇరుకు కనిపిస్తుంది. పదిహేనేళ్ళుగా ఇదే నా పని.

కూతురు_2: మా అమ్మకు 80 అన్నారు. భయపడి స్టెంట్ వేయించాం. మూడో రోజే స్ట్రోక్. ఇప్పటికీ ఎడమచెయ్యి లేవదు.

సూటిమాట: అది మీ దురదృష్టం. 70 దాటితే స్టెంటే. గుండెకు వెయ్యట్లేదా?

ఫిల్మ్‌చూసేవాణ్ణి: గుండె వేరు, తల వేరు. 2011లో తలలో స్టెంటునూ మందులనూ పోల్చిన సాంప్రిస్ అధ్యయనం ఫలితాలు వచ్చాయి. 70 నుంచి 99 శాతం ఇరుకు ఉన్నవాళ్ళే అందరూ. నెల రోజుల్లో స్ట్రోక్ లేదా మరణం స్టెంట్ వేసినవాళ్ళలో 14.7 శాతం, గట్టిగా మందులు వాడినవాళ్ళలో 5.8.

సూటిమాట: అది పాతకాలం స్టెంటు. సరే పండితుడు గారూ, ఆ 70 దేంతో పోల్చి 70?

ఫిల్మ్‌చూసేవాణ్ణి: వెటకారం ఎందుకు? మెడలో కరోటిడ్ నాళానికైతే నాస్కెట్ పద్ధతి, ఇరుకు దాటాక ఉన్న నాళంతో పోలుస్తారు. తలలో వాసిడ్ పద్ధతి, ఇరుకుకు ముందున్న మంచి భాగంతో.

సూటిమాట: ముందు భాగమూ పాడైతే?

ఫిల్మ్‌చూసేవాణ్ణి: అప్పుడు దాటాక ఉన్నదాంతో. చదివి అడగండి.

స్కేలుపట్టినవాడు: ఇద్దరూ ఆగండి. ఆ ఎంసీఏ వెడల్పే దాదాపు 3 మిల్లీమీటర్లు. ఇరుకు దగ్గర 1.5 అని కొలిస్తే 50 శాతం, 0.9 అని కొలిస్తే 70. మౌసు కాస్త జరిగితే మనిషి "తీవ్రం" లిస్టులోకి వెళ్ళిపోతాడు! మా బాబాయికి చివరికి డీఎస్‌ఏ (నాళంలోకి రంగుమందు ఎక్కించి తీసే ఎక్స్‌రే) చేశాకే తేలింది. తొడ దగ్గర గొట్టం పెట్టి తీస్తారు, దానికీ కొంత రిస్కు ఉంది, ఊరికే చెయ్యరు.

కూతురు_2: శాతం ఒక్కటే చాలదని మాకు ఆలస్యంగా తెలిసింది. పక్కదారి నాళాలు రక్తం ఎంత అందిస్తున్నాయో ఎవరూ చెప్పలేదు.

మందులడబ్బా: నాకు 60 శాతం. రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మూడు నెలలు, తర్వాత ఆస్పిరిన్ ఒక్కటే. ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 70 లోపు, పై బీపీ 140 లోపు ఉండాలన్నారు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్‌తో పిక్కలు పట్టేస్తున్నాయి, ఇంకెవరికైనా ఉందా?

సూటిమాట: స్టాటిన్ మానేసి వెల్లుల్లి తినండి.

కూతురు_2: దయచేసి అలాంటివి రాయకండి. మందులడబ్బా గారూ, మానకుండా డాక్టర్‌కు చెప్పండి, మా అమ్మకు మోతాదు మార్చారు.

నిద్రలేనికొడుకు: విమానం సంగతి ఎవరూ చెప్పలేదు.

మందులడబ్బా: మోతాదు ఎంతకు మార్చారమ్మా? నాకు 80 మిల్లీగ్రాములు ఇస్తున్నారు.