ఏఐ ఏజెంట్లు వాడే డాష్‌బోర్డ్ టూల్‌కు నియమాలు ఎక్కడ రాయాలి?

ఏఐ ఏజెంట్లు గ్రఫానాలో (డేటాను గ్రాఫులుగా చూపే సాఫ్ట్‌వేర్) మానిటరింగ్ డాష్‌బోర్డులు తయారుచేసేందుకు వీలుగా మా బృందం ఒక ఎంసీపీ సర్వర్ (ఏఐ ఏజెంట్లకు బయటి టూళ్లను అందించే ప్రోగ్రామ్) రాసుకుంది. దాని డాక్యుమెంటేషన్ బాధ్యత నాది. డేటా ప్రొమీథియస్ నుంచి, అంటే సిస్టమ్‌ల కొలతలను (మెట్రిక్‌లను) సేకరించి నిల్వచేసే సాఫ్ట్‌వేర్ నుంచి, వస్తుంది.

డాష్‌బోర్డులో మొదటి రెండు మూడు ప్యానెళ్లు (ఒక్కో గ్రాఫు పెట్టె) సరిగానే వస్తాయి. ఆ తరువాత ఏజెంట్ డేటా సోర్స్ యూఐడీ (దాన్ని గుర్తించే ప్రత్యేక కోడ్) ఇవ్వవలసిన చోట దాని పేరు ఇస్తోంది, పెరుగుతూనే ఉండే కౌంటర్ మెట్రిక్‌ను సెకనుకు ఎంత పెరుగుతోందో లెక్కించే రేట్ ఫంక్షన్ లేకుండా నేరుగా గీస్తోంది. మొదటి తప్పుకు మా దగ్గర ప్యానెల్ ఖాళీగా కనిపిస్తోంది కనుక వెంటనే పట్టుకోవచ్చు. రెండవదే ప్రమాదకరం: పైకి పోయే ఆ గీత చూడటానికి సక్రమంగానే ఉండి, రాత్రి డ్యూటీలో ఉన్నవారిని తప్పుదోవ పట్టిస్తుంది.

నియమాలన్నీ టూల్ వివరణలోనే రాసి చూశాను; వివరణ పొడవు పెరిగిన కొద్దీ వాటిని పాటించడం తగ్గింది. డాష్‌బోర్డు నిర్వచనం ఉండే నమూనా జేసన్ ఫైల్ జతచేస్తే, ఏజెంట్ అందులోని యూఐడీని, 24 గడుల వెడల్పున్న గ్రిడ్‌లో ప్యానెల్ స్థానాలతో సహా, యథాతథంగా దించేస్తోంది. స్కీమాలో (టూల్‌కు ఏ వివరాలు ఏ రూపంలో ఇవ్వాలో చెప్పే నిర్వచనంలో) యూఐడీని తప్పనిసరి చేసినా, అదీ స్ట్రింగే (అక్షరాల వరుసే) కనుక పేరు ఇచ్చినా చెల్లిపోతోంది.

ఇలాంటి టూళ్లకు డాక్యుమెంటేషన్ రాసిన అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి: వివరణను క్లుప్తంగా ఉంచి, నియమాలను సర్వర్ తిప్పి పంపే ఎర్రర్ సందేశాల్లోకి మారిస్తే ఏజెంట్ నిలకడగా సరిదిద్దుకుంటుందా?