నీళ్లతో బండి: కిట్ పెట్టించుకోవచ్చా?

గోదారిగట్టు:
మా వీధి చివర మెకానిక్ బండికి నీళ్ల కిట్ పెడతానంటున్నాడు, ఎనిమిది వేలు. సీటు కింద డబ్బా, అందులో నీళ్లు, కాస్త కాస్టిక్ పొటాష్, బ్యాటరీ నుంచి రెండు వైర్లు. వచ్చే గ్యాస్ పైపులోంచి ఇంజన్‌లోకి పోతుంది, మైలేజీ 45 నుంచి 60 అవుతుందట. ఆ గ్యాస్‌ని సబ్బు నురగలోకి వదిలి నా ఎదురుగానే అగ్గిపుల్ల పెట్టాడు, టప్పున పేలింది. నీళ్లు మండవని మరి స్కూల్లో ఎందుకు చెప్పారు?

సైన్స్ సారు:
పేలింది నీళ్లు కాదు బాబూ, నీళ్లని కరెంటుతో విడగొడితే వచ్చిన హైడ్రోజన్, ఆక్సిజన్. 18 గ్రాముల నీళ్లు విడగొట్టాలంటే తక్కువలో తక్కువ 286 కిలోజౌళ్లు పెట్టాలి, తిరిగి మండిస్తే వచ్చేదీ అంతే. ఆ కరెంటు ఎక్కడిది? నీ పెట్రోల్‌దే, అందులోనూ ముప్పావు వంతు ఇంజన్ వేడిగా పోయాక మిగిలినదాంట్లోంచి. నీళ్లంటే ఒకసారి మండిపోయిన హైడ్రోజనే కదా. విభూతిని పొయ్యిలో పెట్టి అన్నం వండుతానంటే ఎలా?

బుల్లెట్ రాజా:
అమెరికాలో స్టాన్లీ మేయర్ నీళ్లతో కారు నడిపాడు, 1998లో హోటల్లో కుప్పకూలి పోయాడు. ఎవరు చంపించారో అందరికీ తెలుసు.

రాత్రి షిఫ్ట్:
మెదడులో రక్తనాళం చిట్లి పోయాడని పోస్ట్‌మార్టంలో తేలింది అన్నా. అంతకు రెండేళ్ల ముందే ఒహాయో కోర్టు అది మోసమని తేల్చి, పెట్టుబడి పెట్టినవాళ్లకి డబ్బు వెనక్కి ఇమ్మంది. మన పక్క తమిళనాడులో రామర్ పిళ్లై మూలికా పెట్రోల్ గుర్తుందా? 1996లో ఎంత హడావుడి! టోలుయీన్, నాఫ్తా అనే పెట్రో రసాయనాలు కలిపి అమ్మాడని సీబీఐ కేసు, 2016లో చెన్నై కోర్టు మూడేళ్ల జైలు వేసింది.

బుల్లెట్ రాజా:
సరే, 2007లో జాన్ కాంజియస్ ఉప్పునీళ్లకి రేడియో తరంగాలు తగిలించి మంట తెప్పించాడుగా? పెన్సిల్వేనియా ప్రొఫెసరే చేసి చూశాడు, అదీ మోసమేనా?

సైన్స్ సారు:
కాదు, మంట నిజమే. కానీ ఆ రేడియో మిషన్ ప్లగ్గు పీకితే మంట ఆరిపోతుంది. 2022లో గడ్కరీ గారు పార్లమెంటుకు వచ్చిన కారునీ నీళ్ల కారు అంటున్నారు, అది తాగేది హైడ్రోజన్, నీళ్లు పొగగొట్టంలోంచి బయటికొస్తాయి.

స్పానర్:
మా బావమరిది పెట్టించాడు, 5 కిలోమీటర్లు పెరిగింది. నీళ్లతో నడవదు, ఒప్పుకుంటా, ఆ గ్యాస్ తోడైతే పెట్రోల్ బాగా కాలుతుందేమో?

రాత్రి షిఫ్ట్:
లెక్క వెయ్యి అన్నా. 125 సీసీ ఇంజన్ 4000 ఆర్‌పీఎంలో నిమిషానికి 200 లీటర్లకు పైగా గాలి పీలుస్తుంది. బండి బ్యాటరీ ఇచ్చే నాలుగైదు ఆంపియర్లకి ఆ డబ్బాలో నిమిషానికి అర లీటరు గ్యాస్ కూడా పుట్టదు. సాంబారు గుండిగలో చిటికెడు ఇంగువ అనుకున్నా, ఇంగువకైనా వాసనుంది. ఎనిమిది వేలు పోసినవాడు యాక్సిలరేటర్ మెల్లగానే తిప్పుతాడు, ఆ 5 అక్కడివే. కిట్ స్విచ్ వేశారో లేదో మీ బావమరిదికి తెలియకుండా వారం వారం మార్చి, ఫుల్ ట్యాంక్ నుంచి ఫుల్ ట్యాంక్‌కి కొలవండి.

గోదారిగట్టు:
మెకానిక్‌ని అడిగాను, ముందు వారం రోజులు ఊరికే పెట్టు, మైలేజీ పెరిగితే పది వేలిస్తా అని. కిట్లు స్టాక్ అయిపోయాయట.