‘పూని ఏదైనాను ఒక మేల్’: ఈ ‘ను’ ఎందుకు?

గురజాడ ‘దేశమును ప్రేమించుమన్నా’ మొదటి చరణాలు అందరికీ నోటికి వచ్చు. నా సందేహం కాస్త కింద:

దేశాభిమానం నాకు కద్దని
వట్టి గొప్పలు చెప్పుకోకోయ్
పూని ఏదైనాను ఒక మేల్
కూర్చి జనులకు చూపవోయ్

‘ఏదైనా’ అంటే సరిపోయేది కదా, ‘ను’ పాదం నింపడానికేనా? డిగ్రీ అయిపోయింది. ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ ‘నీ గోల్ ఏంటి?’ అంటుంటే టెన్షన్. అందుకే ఈ ‘ఏదైనా’ మీద గురి కుదిరింది.

— మాత్రలు లెక్కపెట్టు బాబూ, లఘువుకి (పొట్టి అక్షరానికి) ఒకటి, గురువుకి (సాగేదానికి) రెండు. ఈ గేయం ఛందస్సు ముత్యాలసరం, దాని నడక 3, 4, 3, 4. పూని / ఏదై / నాను / ఒకమేల్. ‘ను’ తీసేస్తే మూడో గణం కుంటుతుంది. అలాగని ఉత్త పూరణం కాదు. ‘ఎవరైనాను’, ‘ఎక్కడైనాను’ అనే పెద్దవాళ్లు ఉన్నారు. ‘ఫలానాదే కానక్కర్లేదు’ అన్న ఒత్తు అందులో వినిపిస్తుంది. నన్నడిగితే అసలు బరువు ‘పూని’ది. ఏ పనన్నది నీకే వదిలేశాడు, పూనుకోవడం మాత్రం వదల్లేదు. పైగా ‘కూర్చి చూపవోయ్’. మొదలెట్టి మధ్యలో పడేస్తే చెల్లదు.

— అంటే గమ్యం తేలకుండానే ఏదో ఒకటి చేసెయ్యమనా? ఇప్పటి మోటివేషన్ క్లాసులకీ దీనికీ తేడా ఏముందండీ?

— పక్కనే ‘మేల్’ ఉంది కదమ్మా, హద్దు అదే. చూసేవాళ్లు ‘జనులు’, నువ్వొక్కదానివే కాదు. ఇక గమ్యం ముందే తేలడం సంగతంటావా, కన్యాశుల్కం చూడు. 1892లో ఆడారు, 1897లో అచ్చయింది, 1909కి దాదాపు కొత్త నాటకంలా తిరగరాశాడు. మనం ఇంతగా మెచ్చుకునే మధురవాణి చాలావరకు ఆ రెండో కూర్పు మధురవాణే. మొదటిది జనం ముందు పెట్టకుండా కూర్చుంటే ఆవిడ ఎక్కడిది? ఈ గేయం ఆ మరుసటి ఏడు, 1910 నాటిది.

— మాస్టారూ, నేనూ లెక్కపెట్టాను. మరి ‘దేశాభిమానం నాకు కద్దని’లో రెండు మాత్రలు ఎక్కువొస్తున్నాయే?

— భేష్! దాని పై పాదం చూడు, ‘కత్తి వైరం కాల్చవోయ్’. అక్కడ సరిగ్గా రెండు తక్కువ. ‘దే’ని ఆ పాదం తోకకి కలిపి పాడు: శాభి / మానం / నాకు / కద్దని. సరిపోయిందా?