కంపాలా నుంచి కిగాలీకి కారులో: ఇండికేటర్, హెడ్‌లైట్ల సందేహాలు

మసాకా, ఎంబరారా, కబాలే మీదుగా కటూనా సరిహద్దు దాటాలి. ఉగాండాలో ఎడమవైపు నడపాలి, రువాండాలో కుడివైపు. స్టీరింగేమో కుడివైపు ఉన్న బండి. పొరుగు దేశాల్లోనూ చెల్లే కామెసా ఎల్లో కార్డు బీమా ఉంది. రువాండాలో ప్లాస్టిక్ సంచులు నిషేధం కాబట్టి అవీ తీసేశాం. రౌండబౌట్‌లో అటువైపు గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరగాలనీ తెలుసు. చిక్కంతా మిగతా వాటితోనే.

ఉగాండాలో ముందున్న లారీ కుడి ఇండికేటర్ వేస్తే ‘ఎదురుగా బండి వస్తోంది, ఆగు’ అని, ఎడమది వేస్తే ‘దాటిపో’ అని. గతూనా (అదే సరిహద్దుకు రువాండా వైపు పేరు) దాటాక ఇదే తిరగబడుతుందా? సరిహద్దు దాటొచ్చిన ఉగాండా లారీ వెనక ఉంటే ఏ లెక్క నమ్మాలి? కుడి సీటులోంచి ఎదురు రోడ్డు కనపడదు, పక్క సీటువాళ్లే చూసి చెప్పాలి. ఆ కొండ మలుపుల్లో అది చాలుతుందా, లేక ఓవర్‌టేక్ మానుకోవడమే మేలా?

ఇంకొకటి: మన బండి డిమ్ లైటు ఎడమ అంచున పైకి లేస్తుంది, రువాండాలో అది సరిగ్గా ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది. హెడ్‌లైట్ అద్దం మీద నల్ల టేపు ఎక్కడ, ఎంత వెడల్పు అంటించాలి? ఈ దారిలో నడిపినవాళ్లు చెప్పగలరు.