చుక్క లేని ట్యాంకుతో గెలిచిన కారు: 2016 ఇండీ 500 అదృష్టమా, లెక్కా?

పందెం_కట్టినవాడు
మొన్న మా బావమరిది వస్తే పాత రేసులు పెట్టుకుని కూర్చున్నాం. 2016 ఇండియానాపొలిస్ 500 (అమెరికాలో జరిగే 500 మైళ్ల కారు రేసు, ముద్దుగా ఇండీ 500) అయ్యేసరికి ఇంట్లో గొడవ. "రోసీ గెలవలేదు, మిగతావాళ్లు ఓడిపోయారు" అంటాడు వాడు. అలెగ్జాండర్ రోసీకి అదే మొదటి ఇండీ 500. పదకొండో స్థానం నుంచి మొదలుపెట్టి, చివరి లాపులో (లాపంటే ట్రాకు చుట్టూ ఒక తిరుగు) ఇంధనం అయిపోయి, దొర్లుకుంటూ వచ్చి గీత దాటాడు. ఆ లాపు సగటు గంటకు 179.784 మైళ్లే. మిగతావాళ్లు 220కి దగ్గరగా తిరుగుతున్న చోట అది నడకతో సమానం. అయినా రెండో స్థానంలో వచ్చిన కార్లోస్ మునోజ్ 4.4975 సెకన్లు వెనకే ఉన్నాడు. ఇందులో అదృష్టం ఎంత, లెక్క ఎంత? చూసినవాళ్లు చెప్పండి. ఓడితే బిర్యానీ నా ఖర్చు.

నాలుగో_మలుపు
నేను ఆ రోజు అక్కడే ఉన్నాను. అప్పట్లో ఇండియానాలో ఉద్యోగం. నూరో రేసు కావడంతో టిక్కెట్లన్నీ అమ్ముడుపోయాయి. మామూలుగా ఆ ఊళ్లో రేసును టీవీలో ప్రత్యక్షంగా చూపరు, జనం మైదానానికి రావాలని. ఆ ఏడాది మాత్రం చూపించారు.

మా ముందు వరుసలో ఒక పెద్దాయన చెవులకు స్కానర్ తగిలించుకుని జట్ల మాటలు వింటున్నాడు. చివరి లాపులో ఉన్నట్టుండి లేచి నిలబడి, రెండు చేతులతో గాలిని ముందుకు తోయడం మొదలుపెట్టాడు. ఆగిపోయిన స్కూటరును వెనకనుంచి నెట్టినట్టు! ఎందుకో మాకు అర్థమయ్యేలోపే కారు మా ముందు నుంచి వెళ్లింది. మిగతా కార్లు వెళ్తే గుండెల్లో అదురుతుంది. ఇది వెళ్తే గాలి కోసుకుపోయిన చప్పుడే. జెండా పడ్డాక అది విజేతల వేదిక దాకా కూడా రాలేకపోయింది, లాక్కొచ్చారు.

అదృష్టం అనే మాట ఆ రోజు నా నోటికీ వచ్చింది. ఇప్పుడు అనను.

పిట్_గోడ
లెక్క చూద్దాం. ట్యాంకు 18.5 గ్యాలన్లు, అంటే 70 లీటర్లు. ట్రాకు చుట్టు రెండున్నర మైళ్లు, మొత్తం 200 లాపులు. నిండు ట్యాంకుతో పూర్తి వేగంతో వెళ్తే 30, 32 లాపులు వస్తాయి. రోసీ చివరిసారి పిట్‌కు, అంటే ఇంధనం పట్టే చోటుకు, వెళ్లింది 164వ లాపులో. మిగిలినవి 36. అంటే 90 మైళ్లు, దాదాపు 145 కిలోమీటర్లు. లీటరుకు రెండు కిలోమీటర్ల పైచిలుకు వస్తేనే చేరతాడు.

అతని వ్యూహం చూసింది జట్టు యజమానుల్లో ఒకడైన బ్రయాన్ హెర్టా. అంతకుముందు పిట్‌లో ఇంధనం పట్టడంలో ఇబ్బంది వచ్చి రోసీ బాగా వెనకబడ్డాడు. అందరితో పాటు అందరిలాగే వెళ్తే గెలిచే దారి లేదు. అందుకే మిగతావాళ్లు చివర్లో ఒకసారి ఆగక తప్పదని తెలిసి, తాము ఆగకూడదని ముందే అనుకున్నారు. గెలుపు పోటీలో ఉన్న మునోజ్, జోసెఫ్ న్యూగార్డెన్ ఇద్దరూ చివరి లాపుల్లో పిట్‌కు వెళ్లాల్సి వచ్చింది. దీన్ని అదృష్టం అనడం అన్యాయం.

కేఎంపీఎల్_కొడుకు
లీటరుకు రెండు కిలోమీటర్లా! మా నాన్న ఆర్టీసీ డ్రైవరుగా చేశారు. యాభై మందితో నిండిన బస్సు కూడా ఐదు ఇచ్చేది. డిపోలో ఎవరికి ఎంత కేఎంపీఎల్ (లీటరుకు ఎన్ని కిలోమీటర్లు) వచ్చిందో లెక్క కట్టేవారు. నాన్న చెప్పులు విడిచి ఒట్టి కాలితో నడిపేవారు, పెడల్ ఎంత దిగిందో పాదానికి తెలియాలని. స్టాపు ఇంకా ఫర్లాంగు దూరం ఉండగానే కాలు తీసేసేవారు. "బ్రేకు తొక్కావంటే డీజిల్ పారబోశావన్నమాట" అని ఆయన మాట.

రేసులో కూడా ఇదేనా? లేక ఇంజన్ సెట్టింగు మార్చేస్తే సరిపోతుందా?

పిట్_గోడ
@కేఎంపీఎల్_కొడుకు మీ నాన్నగారిని పిట్ గోడ మీద కూర్చోబెట్టాలి. రెండూ చేస్తారు. స్టీరింగు మీద మీట తిప్పితే ఇంజన్ తక్కువ తాగుతుంది, బలమూ తగ్గుతుంది. దానికి తోడు మలుపుకు చాలా ముందే కాలు తీస్తారు. అయితే ఒంటరిగా అలా చేస్తే వేగం పడిపోతుంది. అందుకే ముందు కారు చాటున దూరతారు. గాలిని ముందువాడు చీలుస్తాడు, వెనకవాడు తక్కువ తొక్కినా అదే వేగంతో పోతాడు. ఆ రోజు సహచరుడు రయాన్ హంటర్-రే గెలుపు ఆశ పోయాక రోసీకి అలా చాటు ఇచ్చాడు. ఈ ఒక్క పని లేకపోతే 36 లాపులు వచ్చేవి కావని నా నమ్మకం.

పసుపు_బాధితుడు
అందరూ ఇంధనం గురించే మాట్లాడుతున్నారు. పసుపు జెండా సంగతి? ఎక్కడో ప్రమాదం జరిగితే పసుపు జెండా, ముందు నెమ్మదిగా నడిచే పేస్ కారు వెనక అందరూ వరుస కడతారు. ఆ లాపులు కూడా 200లో లెక్కే, కానీ ఇంధనం ఎంతో తక్కువ ఖర్చవుతుంది. పైగా లాపు నలభై సెకన్లలో తిరిగే చోట, పచ్చ జెండా కింద, అంటే రేసు పూర్తి వేగంతో సాగుతుండగా, పిట్‌కు వెళ్తే దాదాపు ఒక లాపు పోతుంది. పసుపు కింద వెళ్తే నాలుగైదు స్థానాలతో సరి.

కానీ ఇందులో ఒక మెలిక ఉంది. పసుపు పడగానే పిట్ మూసేస్తారు. 2021లో స్కాట్ డిక్సన్ మొదటి స్థానం నుంచి మొదలుపెట్టాడు. సరిగ్గా ఇంధనం పట్టే వేళకు స్టెఫాన్ విల్సన్ పిట్ దారిలోకి వస్తూ అదుపు తప్పి గోడకు కొట్టాడు. పిట్ మూత. డిక్సన్ ట్యాంకు ఖాళీ. చచ్చీ చెడీ లోపలికి వచ్చాక ఇంజన్ మళ్లీ అంటుకోలేదు, లాపు పోయింది, రేసే పోయింది. నేను అతని అభిమానిని. హైదరాబాదులో రాత్రి పదింటికి టీవీ ముందు కూర్చుని పదకొండుకల్లా పడుకున్నాను.

అదే పసుపులో ట్యాంకు ఎండిపోయిన ఇంకొకరు ఎవరో తెలుసా? రోసీ!

నాలుగో_మలుపు
ఆ సంగతి మరిచిపోయాను. అంటే 2016లో ఇచ్చిన దేవుడే 2021లో వడ్డీతో తీసుకున్నాడు.

2011 కూడా చెప్పుకోవాలి. బెర్ట్రాండ్ బాగెట్ ముందుండి, చివర్లో ఇంధనం కోసం పిట్‌కు వెళ్లక తప్పలేదు. జె.ఆర్. హిల్డెబ్రాండ్ ముందుకు వచ్చాడు. అతనూ కొత్తవాడే, అతనూ ఇంధనం పొదుపు చేస్తూనే వచ్చాడు. చివరి లాపు, చివరి మలుపు. ఎదురుగా చార్లీ కింబల్ నెమ్మదిగా వెళ్తున్నాడు. బయటివైపు నుంచి దాటబోయి హిల్డెబ్రాండ్ గోడకు రాసుకున్నాడు. చక్రాలు విరిగిన కారు గీత వైపు జారుతుండగా డాన్ వెల్డన్ దాటిపోయాడు. వెల్డన్ ఆ రోజు మొత్తంలో ముందున్నది ఆ కాస్త దూరమే. అతని కారు 98వ నంబరు, యజమాని బ్రయాన్ హెర్టా. రోసీ కారు నంబరూ 98, అక్కడా హెర్టాయే. ఈ మనిషి చివరి మలుపులకు పూజ ఏమైనా చేయించాడా అని అనుమానం.

ట్యాంక్‌బండ్_మీద
2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ పక్కన జరిగిన ఫార్ములా ఈ రేసుకు వెళ్లాను. అక్కడ ఇంధనం బదులు బ్యాటరీ. జాన్ ఎరిక్ వెర్న్ చివర్లో బ్యాటరీ తక్కువగా ఉన్నా నిక్ కాసిడీని దాటనివ్వలేదు. పొదుపు ఆట అదే. తేడా ఏమిటంటే, అక్కడ సేఫ్టీ కారు (ఇండీ పేస్ కారు లాంటిదే) వస్తే చివర్లో లాపులు కలుపుతారు, కాబట్టి పసుపు వల్ల మిగిలింది చేతికి రాదు. ఇండీలో 200 అంటే 200. అందుకే అక్కడ పసుపుకు అంత విలువ.

పసుపు_బాధితుడు
2020 గుర్తు చేయకుండా ఉండలేను. జపాన్ డ్రైవరు టకూమా సాతో డిక్సన్ కంటే ఒక లాపు ముందే ఇంధనం పట్టాడు. చివరిదాకా సరిపోతుందా అని అందరికీ అనుమానమే. ఐదు లాపులు ఉండగా స్పెన్సర్ పిగట్ ప్రమాదం, పసుపు. రేసు ఆ పసుపు కిందే ముగిసింది, సాతో గెలిచాడు. ఎర్ర జెండా చూపి రేసు ఆపి, మళ్లీ మొదలుపెట్టి ఉంటే డిక్సన్ ఏం చేసేవాడో అని ఇప్పటికీ అనుకుంటాను.

పిట్_గోడ
మీరు అభిమాని కాబట్టి ఊరుకుంటున్నాను. సాతో అప్పటికే డిక్సన్‌ను దాటేశాడు, డిక్సన్ తిరిగి దాటలేకపోతున్నాడు.

పందెం_కట్టినవాడు
ఇదంతా బావమరిదికి చదివి వినిపించాను. అంతా విని ఒకే ప్రశ్న వేశాడు: "164లో రోసీ పిట్‌కు వెళ్లినప్పుడు పసుపు ఉందా, పచ్చ ఉందా?" వెతికి చూశాను. పసుపే. అంటే ఆ 36లో మొదటి రెండు మూడు లాపులు పేస్ కారు వెనక నెమ్మదిగా నడిచినవి. ఆ పసుపు ఎందుకు పడిందంటే, 163లో ఒకాయన నాలుగో మలుపు దగ్గర గోడకు కొట్టాడు. ఎవరో చెప్పనా? ఈ సాతోయే!

లెక్క హెర్టాది, కాలు రోసీది, గోడ సాతోది అంటున్నాడు వాడు. బిర్యానీ డబ్బులు చెరి సగం వేసుకుంటున్నాం. రైతా మాత్రం వాడే తేవాలి.