నోటికి చిక్కము: "ఉంచుము" అనా, "ఉంచుకొందు" అనా?

పాదం వెదుకుతున్నవాడు:
కొన్ని వారాలుగా ఒక వాక్యం నన్ను వదలడం లేదు. మా అమ్మ ప్రతి రాత్రి ప్రార్థన ముగించే ముందు "నా నోటికి చిక్కము ఉంచుము ప్రభువా" అనేది. అది బైబిలు కీర్తనలలోని మాటేనని ఇన్నాళ్లూ నమ్మాను. ఇప్పుడు వెదికితే 141వ కీర్తన మూడవ వచనంలో "నా నోటికి కావలియుంచుము, నా పెదవుల ద్వారమునకు కాపు పెట్టుము" అని ఉంది గాని చిక్కం, అంటే పశువు మూతికి కట్టే వల, లేదు. 39వ కీర్తన మొదటి వచనంలో చిక్కం ఉంది గాని "ఉంచుము" లేదు. అక్కడ "నా నోటికి చిక్కము ఉంచుకొందు ననుకొంటిని" అని ఉంది. అమ్మ రెండు వచనాలను కలిపి చెప్పిందా, లేక అలాగే ఉన్న పాఠం మరొకటి ఉందా? తెలిసినవారు చెప్పగలరు.

వ్యాకరణాభిమాని:
రెండు వచనాలు కలిసిపోయాయి, అందులో సందేహం లేదు. అయితే మీరు వేయవలసిన ప్రశ్న పాఠం గురించి కాదు, "కొ" అనే ఒక్క అక్షరం గురించి. తాను చేసే పని ఫలం తనకే చెందేటప్పుడు తెలుగు "కొను"ను చేర్చుకుంటుంది. 39వ కీర్తనలో భక్తుడు చిక్కాన్ని తన చేతులతో తన మూతికే వేసుకుంటున్నాడు. యాకోబు పత్రిక మొదటి అధ్యాయం 26వ వచనంలో కూడా "నోటికి కళ్లెము పెట్టుకొనక" అని అదే "కొ" కనిపిస్తుంది. 141వ కీర్తనలో మాత్రం అది లేదు, ఎందుకంటే కావలివాణ్ణి నియమించవలసినవాడు దేవుడు. అనువాదకులు ఈ తేడాను ఎంతో జాగ్రత్తగా పాటించారు. మీ అమ్మగారి వాక్యంలో "కొ" జారిపోవడంతో ప్రతిజ్ఞ కాస్తా ప్రార్థన అయింది. భక్తి విషయంలో అది లోపం కాకపోవచ్చు గాని, పాఠం విషయంలో మాత్రం లోపమే.

పశువుల మధ్య పెరిగినవాడు:
వ్యాకరణం సరే గాని, చిక్కం అంటే ఏమిటో ఎవరూ పట్టించుకోవడం లేదు. చిక్కం గొంతును ఆపదు. మూతికి చిక్కం కట్టిన ఎద్దు అరుస్తూనే ఉంటుంది, దూడ అంబా అంటూనే ఉంటుంది. చిక్కం ఆపేది మేతను. దూడకు వేస్తే పాలను. ద్వితీయోపదేశకాండం 25వ అధ్యాయంలో "నూర్చెడి యెద్దు మూతికి చిక్కము వేయకూడదు" అన్నదీ ఆ అర్థంలోనే. అందుచేత 39వ కీర్తనలోని చిక్కాన్ని కేవలం మౌనంగా చదవడం నాకు ఒప్పదు. భక్తిహీనులు ఎదుట ఉన్నప్పుడు వారి చేలో నోరు పెట్టకుండా, అంటే వారి తప్పులను మేతగా మేయకుండా తనను తాను ఆపుకోవడమే అక్కడ ఉద్దేశమని నా నమ్మకం. పరనింద మాట్లాడేటప్పుడు మనిషికి కలిగే రుచిని ఎరిగినవారెవరికైనా ఈ పోలిక ఎంత లోతైనదో తెలుస్తుంది. "చిక్కు" అనే మాటతో దీనికి చుట్టరికం ఉందని కూడా నాకు అనిపిస్తుంది: వలలా చిక్కులు చిక్కులుగా అల్లినది చిక్కం.

వ్యాకరణాభిమాని:
చుట్టరికం మాట అలా ఉంచండి. ధ్వని కలిసినంత మాత్రాన వ్యుత్పత్తి కుదరదు. మేత గురించి మీరు చెప్పినది మాత్రం విలువైనది. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 9వ అధ్యాయంలో "కళ్లము త్రొక్కుచున్న యెద్దు మూతికి చిక్కము పెట్టవద్దు" అన్న మాటను చాలామంది "కళ్లెము త్రొక్కుచున్న" అని చదువుతారు. కళ్లము ధాన్యం నూర్చే చోటు. కళ్లెము గుర్రం నోటిలోది. ఆ ఒక్క ఎత్వం చేరితే ఎద్దు కళ్లెం తొక్కుతుంది, వాక్యం చెడుతుంది. కళ్లెం నోరు మూయదు, దారి తిప్పుతుంది. అందుకే యాకోబు మూడవ అధ్యాయంలో కళ్లెం వెంటనే ఓడ చుక్కాని వస్తుంది. రెండూ మరలించే సాధనాలే, ఆపే సాధనాలు కావు. మాటను ఆపడం వేరు, మాటను నడపడం వేరు అన్న విషయం ఈ రెండు పదాలను పక్కపక్కన పెడితేనే బోధపడుతుంది.

గ్రీకు నేర్చుకుంటున్నది:
ఆపడం గురించి అంటున్నారు కనుక ఒక సంగతి చెప్పాలి. ఎద్దు మూతికి చిక్కం వేయడాన్ని చెప్పే "ఫిమోఓ" అనే గ్రీకు క్రియ కొత్త నిబంధనలో ఎద్దుల దగ్గరే ఆగిపోలేదు. తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయంలో అది నిజంగా ఎద్దు చిక్కమే. మత్తయి 22వ అధ్యాయంలో పెండ్లి వస్త్రం లేకుండా వచ్చినవాడు "మౌనియై యుండెను" అని మనం చదువుతాం; మూలంలో అతనికి చిక్కం పడింది. అదే అధ్యాయంలో యేసు సద్దూకయ్యుల "నోరు మూయించెను" అన్నచోటా అదే క్రియ. మార్కు 4వ అధ్యాయంలో సముద్రంతో "నిశ్శబ్దమై ఊరకుండుము" అన్నప్పుడు "ఊరకుండుము" అన్న మాట వెనుక ఉన్నదీ అదే. ఒకే క్రియ తెలుగులో మౌనిగా, నోరు మూయించడంగా, ఊరకుండడంగా విడిపోయింది. నేను అనువాదాన్ని తప్పు పట్టడం లేదు. సముద్రానికి చిక్కం వేశాడంటే తెలుగు చెవికి ఎబ్బెట్టుగా ఉండేది. కాని ఆ క్రియ గొంతును కూడా ఆపుతుందని దీనివల్ల తేలుతుంది కనుక, మేత సిద్ధాంతం అన్నిచోట్లా నిలవదు.

పశువుల మధ్య పెరిగినవాడు:
మీరు గ్రీకు చూపించారు, 39వ కీర్తన హెబ్రీ. అక్కడి మాట "మహ్సోమ్". ద్వితీయోపదేశకాండంలో ఎద్దుకు చిక్కం వేయవద్దన్న క్రియ ధాతువు నుంచే అది పుట్టింది. కనుక ఎద్దును ఆ కీర్తన నుంచి తోలివేయడం అంత సులువు కాదు.

గ్రీకు నేర్చుకుంటున్నది:
ఒప్పుకుంటాను. అయితే అక్కడే అసలు చిక్కు ఉంది. ఆ కీర్తనను గ్రీకులోకి తెచ్చిన పూర్వులు ఎద్దును వదిలేసి "ఫులకీ", అంటే కావలి అన్నారు. 141వ కీర్తనలోనూ అదే "ఫులకీ". లాటిన్‌లోనూ ఇంతే: 39వ కీర్తనలో "పోసుయి ఓరి మేయో కుస్తోదియం", 141లో "పోనే దోమినే కుస్తోదియం ఓరి మేయో". నా నోటికి కావలి ఉంచితిని, ప్రభువా, నా నోటికి కావలి ఉంచుము: తేడా అంతా క్రియ రూపంలోనే ఉంది. శతాబ్దాలపాటు ఈ రెండు కీర్తనలనూ లాటిన్‌లో పాడినవారికి అవి అన్నదమ్ముల్లా వినిపించి ఉంటాయి. అమ్మగారు వాటిని కలిపారంటే ఆశ్చర్యమేమీ లేదు. ఆమెకంటే ముందే గ్రీకు, లాటిన్ అనువాదాలు ఆ రెంటినీ దగ్గరకు చేర్చాయి. హెబ్రీలో కూడా కొంత ఆస్కారం ఉంది: 39లో చిక్కం ఉంచుకోవడాన్ని చెప్పే క్రియా, 141లో కావలిని చెప్పే నామమూ ఒకే ధాతువునుంచి వచ్చినవి.

ఆటవెలది ప్రియుడు:
మాట గురించి ఇంతసేపు చర్చ జరుగుతూ వేమన పేరు రాకపోవడం నాకు బాధగా ఉంది. "అల్పుడెపుడు పల్కు ఆడంబరముగాను, సజ్జనుండు పల్కు చల్లగాను, కంచు మ్రోగునట్లు కనకంబు మ్రోగునా" అన్న పద్యాన్నీ, కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 13వ అధ్యాయంలో "ప్రేమలేనివాడనైతే మ్రోగెడు కంచును గణగణలాడు తాళమునై యుందును" అన్న మాటనూ పక్కపక్కన పెట్టి చదవండి. "మ్రోగెడు కంచు" అని వ్రాసిన చేతికి వేమన పద్యం తెలియదంటే నేను నమ్మలేను. 1829లో బ్రౌను వేమన పద్యాలను అచ్చు వేయించడానికి చాలా ముందునుంచే అవి జనం నోట ఉన్నాయి కదా.

వ్యాకరణాభిమాని:
కంచు మ్రోగడం తెలుగువారందరి సొత్తు. అందుకు వేమన అనుమతి అక్కరలేదు. పైగా ఆ పత్రిక రాసిన పౌలు వాక్యంలో బంగారం లేదు. వేమన పద్యంలో కనకం వచ్చింది యతి కోసం కూడా: మూడవ పాదంలో మొదటి గణం "కంచు", నాలుగవ గణం "కనకంబు", కకారానికి కకారం. బంగారమనో పసిడనో అంటే యతి చెడుతుంది.

ఆటవెలది ప్రియుడు:
యతి కోసం పదం ఒక్కటే వస్తుంది, భావం రాదు. కనకం ఎందుకు మ్రోగదో వేమన చెప్పలేదు, చెప్పకుండానే మనకు తెలిసేలా చేశాడు. పౌలు చెప్పినదీ ఆ దారిలోనే ఉంది, కాని మరో అడుగు ముందుకు వేస్తుంది. వేమనకు అల్పుడు, సజ్జనుడు ఇద్దరు వేరు మనుషులు. పౌలు మాత్రం దేవదూతల భాషలు మాట్లాడగలిగినా ప్రేమ లేకపోతే తానే కంచునవుతానంటున్నాడు. వేమన పద్యం చదివినప్పుడు ఎదుటివాడు గుర్తుకు వస్తాడు, ఈ వచనం చదివినప్పుడు నేను గుర్తుకు వస్తాను. నాకు రెండూ కావాలి. వేమనను తగ్గించడానికి ఇది చెప్పడం లేదు. ఆయన పద్యం నా నాలుక మీద ఉండబట్టే పౌలు మాట నాకు అంత గట్టిగా తగిలింది.

ప్రార్థనాపరురాలు:
అయ్యలారా, 39వ కీర్తన మొదటి వచనం దగ్గరే అందరూ ఆగిపోయారు. ఆ వచనాన్ని ఒకరు ఎలా నేర్చుకున్నారో చెప్పనివ్వండి. ఐగుప్తు ఎడారి సన్యాసులలో పాంబో అనే పెద్దాయనకు చదువు రాదు. ఒక కీర్తన నేర్పమని ఒకరి దగ్గరకు వెళ్లి, నాలుకతో పాపం చేయకుండా నా మార్గాలను కాచుకుంటాను అన్న మొదటి మాట వినగానే, ఇది ఆచరణలో నేర్చుకుంటే నాకు చాలునని లేచి వెళ్లిపోయాడు. ఆరు నెలలకు ఆ గురువు ఎదురై ఎందుకు రాలేదని అడిగితే, అది ఇంకా రాలేదన్నాడు. చాలా ఏళ్ల తరువాత మరొకరు అడిగినప్పుడు, 19 ఏళ్లలో అతి కష్టం మీద దానిని చేయగలిగానన్నాడు. అయిదవ శతాబ్దపు చరిత్రకారుడు సోక్రటీసు ఈ సంగతిని రాసిపెట్టాడు. ఇదే పాంబో గురించి మరొకటి చెబుతారు: అలెక్సంద్రియ సంఘాధ్యక్షుడు, అంటే బిషప్పు, థెయోఫిలు వచ్చినప్పుడు, ఆయనకు మేలు కలిగే మాట ఒకటి చెప్పమని సహోదరులు కోరితే, నా మౌనం వల్ల మేలు పొందనివాడు నా మాట వల్ల కూడా పొందలేడని జవాబిచ్చాడట. చదువు రానివారి నోట వాక్యం ఎలా మెలగుతుందో పాంబోను చూస్తే తెలుస్తుంది కనుక, అమ్మగారి పాఠాన్ని లోపమనడానికి నాకు మనసు ఒప్పడం లేదు.

వ్యాకరణాభిమాని:
అమ్మగారిని నొప్పించాలని నేను అనలేదు. నొచ్చి ఉంటే మన్నించండి. నేను అడిగేది ఒక్కటే: రెండవ వచనంలో "క్షేమమును గూర్చియైనను పలుకక నేను మౌనముగా నుంటిని, అయినను నా విచారము అధికమాయెను" అని ఉంది కదా. మంచి మాట కూడా మాట్లాడకుండా మౌనంగా ఉండడం అక్కడ పుణ్యమా, పొరపాటా?

గ్రీకు నేర్చుకుంటున్నది:
హెబ్రీలో అది "మిత్తోవ్" అనే చిన్న మాట, వివాదమంతా దాని మీదే. మేలునుండి అని అక్షరార్థం. మేలైన మాటకు కూడా దూరంగా ఉన్నానని కొందరు, ఆ మౌనం వల్ల మేలేమీ కలగలేదని మరికొందరు అర్థం చెబుతారు. తెలుగు అనువాదకులు మొదటి పక్షం. ఆరవ శతాబ్దంలో బెనెదిక్తు తన మఠ నియమావళి ఆరవ అధ్యాయంలో ఈ వచనాలనే ఎత్తి చూపి, మౌనం కోసం ఒక్కొక్కసారి మంచి మాటలు కూడా మానవలసి వస్తే, చెడ్డ మాటలు ఇంకెంత మానాలని వాదించాడు. ఆ అధ్యాయానికి ఆయన పెట్టిన పేరు "తసితూర్నితాస్", "సిలెంతియుం" కాదు. రెండవది శబ్దం లేకపోవడం. మొదటిది మాట్లాడగలిగి ఉండీ మాటను పట్టి ఉంచే అలవాటు. "మౌనం" అంటే ఆ రెండు అర్థాలూ కలిసిపోతాయి, "మితభాషణం" అంటే లెక్క పెట్టినట్టుంటుంది. ఆ అలవాటుకు సరిపోయే తెలుగు మాట ఎవరికైనా తోస్తే చెప్పండి.

ఆటవెలది ప్రియుడు:
"నిదానం" అనవచ్చు. యాకోబు మొదటి అధ్యాయంలో "వినుటకు వేగిరపడువాడును, మాటలాడుటకు నిదానించువాడును" అన్నారు. మానేవాడు అనలేదు.

పశువుల మధ్య పెరిగినవాడు:
నిదానం బాగుంది గాని, మూడవ వచనంలో "నా గుండె నాలో మండుచుండెను" అన్నవాడికి నిదానం ఎక్కడిది? అతను చిక్కం వేసుకున్నాడు, లోపల మంట పుట్టింది, చివరకు మాట్లాడాడు. అయితే అప్పుడు నోరు తెరిచింది భక్తిహీనుల ముందు కాదు. "యెహోవా" అని పిలిచి దేవునితోనే మాట్లాడాడు. కాబట్టి "ఉంచుకొందు ననుకొంటిని" అన్నదానిలో "కొ" కంటే "అనుకొంటిని" అన్న మాటను పట్టుకోవాలి. అనుకున్నాడు, నిలుపుకోలేకపోయాడు.

వ్యాకరణాభిమాని:
హెబ్రీలో అక్కడ ఉన్నది "చెప్పితిని" అనే. తనలో తాను చెప్పుకోవడం కూడా ఆ మాటకు అర్థమే కనుక "అనుకొంటిని" సరైన అనువాదం. నిలుపుకోలేకపోవడం ఆ క్రియలో లేదు, మీరు తరువాతి వచనం నుంచి వెనక్కు తెస్తున్నారు.

పాదం వెదుకుతున్నవాడు:
అందరికీ కృతజ్ఞతలు. నాకు ఇంకొక సందేహం పుట్టింది. 141వ కీర్తన మనకు "యెహోవా" అని మొదలవుతుంది. అమ్మ ఎప్పుడూ "ప్రభువా" అనేది, అది కూడా వాక్యం చివర. లాటిన్‌లో "దోమినే" అన్నారు కదా. ఆ పిలుపు ఆమెకు ఏ ప్రార్థన పుస్తకం నుంచి వచ్చిందో, లేక ఆమెకు నేర్పినవారు ఎవరో ఇప్పుడు చెప్పగలిగినది మా పెద్దమ్మ ఒక్కరే. ఆదివారం వెళ్లి, నేను ముందుగా ఏమీ చెప్పకుండా ఆ వాక్యాన్ని ఆమె నోటనే విని, అక్షరం మార్చకుండా ఇక్కడ రాస్తాను.