అమ్మోనైట్‌తో పొర వయసు తేలట్లేదు, ఎవరైనా చెప్పండి ప్లీజ్

కడప విద్యార్థిని: పొద్దున పదింటికి కూర్చున్నాను, ఇప్పుడు మూడున్నర. నాలుగు అమ్మోనైట్లు (చుట్ట తిరిగిన గవ్వ ఉన్న పాత సముద్రజీవుల శిలాజాలు) ముందు పెట్టుకుని చార్ట్ చూస్తూనే ఉన్నా. ఒక్కటీ ఏ జోన్‌లోనూ (ఫలానా అమ్మోనైట్ జాతిని బట్టి గుర్తించే పొరల భాగం) కుదరట్లేదు. ఒకటి బాగా ఉబ్బెత్తుగా ఉంది, నడిమి గుంట చిన్నది, రిబ్స్ (గవ్వ మీది ఉబ్బు గీతలు) బయటి అంచు మీదుగా ఎక్కడా తెగకుండా అటువైపుకి దాటాయి. జురాసిక్ అని ఖాయం. పొర వయసు ఎన్ని కోట్ల ఏళ్లని రాయాలి? రేపే రికార్డు ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.

బేతంచెర్ల నాపరాయి: ఎక్కడ దొరికాయి?

పులివెందుల మాస్టారు (రిటైర్డ్): అమ్మా, మన కడప, కర్నూలు, అనంతపురం పొరల్లో అమ్మోనైట్ దొరకదు. పులివెందుల, తాడిపత్రి మధ్య పొరల్లోకి చొచ్చుకొచ్చిన డోలరైట్ (శిలాద్రవం గడ్డకట్టిన నల్లరాయి) వయసే దాదాపు 188 కోట్ల ఏళ్లు. దానికింద ఉన్న వేంపల్లె సున్నపురాయి ఇంకా పాతది. అప్పటికి గవ్వ ఉన్న ప్రాణే లేదు. అందులో కనిపించే గుమ్మటాల్లాంటి గీతలు స్ట్రొమటోలైట్లు, సూక్ష్మజీవుల పొరలు. ఇంకొకటి. నాపరాయి మీద నల్లటి చెట్టుకొమ్మలు చూసి, శిలాజం సార్ అని మోసుకొస్తారు. అది మాంగనీసు. రాయి విడిపోయిన చోట పలచటి పూతలా పరుచుకుంటుంది, అంతే. దయచేసి మొక్క అనుకోకండి.

అనంతపురం పీజీ: సార్, ఆ అమ్మాయి నాపరాయి గురించి అడగలేదు కదా.

ప్రొద్దుటూరు: మా జేజి పూజలో పెట్టే సాలగ్రామంలోనూ ఇదే చుట్ట ఉంటుంది. గండకి నది నుంచి వచ్చింది.

కడప విద్యార్థిని: గుజరాత్‌లోని కచ్ సార్! టూర్‌లో తెచ్చినవి, చెప్పాననుకున్నా. రెండు పొరలోంచే తీశాం, రెండు వాగులో ఏరాం. చార్ట్ ఇంగ్లండ్ జోన్లది.

బేతంచెర్ల నాపరాయి: వాగువి పక్కన పెట్టెయ్.

అనంతపురం పీజీ: ఇదే కావలసింది చెల్లీ. వాగులో ఏరినది ఏ పొరలోంచి రాలిందో తెలీదు, దాంతో పొర వయసు కట్టకూడదు. ఇక ఆ చార్ట్. జురాసిక్‌లో కచ్ సముద్రం మడగాస్కర్, తూర్పు ఆఫ్రికా వైపు సముద్రంతో కలిసి ఉండేది. అక్కడి జాతులు వేరు, ఇంగ్లండ్ జోన్ల పేర్లు నేరుగా అతకవు. నువ్వు చెప్పిన ఉబ్బెత్తుది మాక్రోసెఫలైటిస్ అనే అమ్మోనైట్ కావచ్చు. కచ్‌లోని చారి పొరల్లో బాగా దొరుకుతుంది. అయితే ఆ ఒక్క పేరు చూసి కలోవియన్ (మధ్య జురాసిక్‌లో చివరి దశ) అని రాసెయ్యకు, కచ్‌లో అది బాథోనియన్ (దానికి ముందు దశ) చివర్లోనూ ఉంది. జాతి తేల్చాలి, అదే పొరలో పక్కనున్న మిగతావీ చూడాలి.

పులివెందుల మాస్టారు: అమ్మోనైట్ వయసు చెప్పదమ్మా, వరుస చెబుతుంది. ఏది ముందు, ఏది తర్వాత అని. జర్మన్ శాస్త్రవేత్త ఒపెల్ 1850లలో జోన్లు కట్టినప్పుడు ఏళ్ల లెక్కే లేదు. కోట్ల ఏళ్లు అగ్నిపర్వత బూడిద పొరల్లోని జిర్కాన్ అనే స్ఫటికాల్లో యురేనియం సీసంగా మారే లెక్కతో వచ్చాయి.

ప్రొద్దుటూరు: సాపేక్ష వయసు కూడా వయసే కదా సార్, పుస్తకంలో అట్లే ఉంది.

పులివెందుల మాస్టారు: పుస్తకం రాసినవాళ్లు తొందరపడ్డారు. వరుసను వరుస అనాలి.

అనంతపురం పీజీ: ఏ పేరైనా పెట్టండి సార్, ఒక్కో జోన్ సగటున పది లక్షల ఏళ్ల లోపే. అంత సన్నగా జురాసిక్‌ను కోసిచ్చేది ఇంకోటి అరుదు. చెల్లీ, ముందు జోన్ రాయి, ఆ తర్వాతే కాలమానం పట్టీ చూసి ఏళ్లు వెయ్యి. కలోవియన్ మొదలు సుమారు 16.5 కోట్ల ఏళ్ల కిందట. పైపెంకు ఊడిన చోట తడి గుడ్డతో తుడిచి చూడు, ఆకు అంచులా వంకరలు తిరిగిన సూచర్ గీత (లోపలి గదుల గోడలు పెంకును తాకిన చోటు) కనబడుతుంది.

ప్రొద్దుటూరు: మరి సాలగ్రామం ఏ జోనో?

పులివెందుల మాస్టారు: నదిలో దొర్లి వచ్చినదానికి పొర ఎక్కడుంది నాయనా.

కడప విద్యార్థిని: సూచర్ కనబడింది! జోన్ వరకే రాశాను, వాగువి విడిగా పెట్టా. థాంక్స్ అన్నా, థాంక్యూ సార్. మొదటిదాని ఫొటో పొద్దున పెడతా, ఇక్కడ కరెంటు పోయింది.

బేతంచెర్ల నాపరాయి: స్కేలు పెట్టి తియ్యి.